మేకు లేని బీరువా

ఒక్క మేకు కొట్టకుండా, టేపు పెట్టి కొలవకుండా, ఉత్త కంటిచూపుతో గోడంత బీరువా చేసిన వడ్రంగి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ప్రస్తుతం మీకు కథ చెబుతున్నాడు. చెక్కలో గాడి తొలిచి, ఇంకో చెక్క కొనను అందులో దూర్చి, అడ్డంగా కర్ర చీల బిగించానంటే ఏనుగు ఈడ్చినా ఊడేది కాదు. దాన్ని నిలబెట్టిన నాడు చుట్టుపక్కల వడ్రంగులంతా వరస కట్టి వచ్చి చూశారు. చూసి, గుమ్మం దాటుతూనే సుత్తులు అమ్మేసుకున్నారు. అందులో ఒకాయన టీ కొట్టు పెట్టుకున్నాడని కూడా విన్నాను.

ఇంకో మాట. ఆ బీరువాలో పెట్టిన వస్తువు ఇంతవరకూ ఒక్కటీ పోలేదు.

ఈ రెండు ముక్కలూ మా గుమ్మం తొక్కిన ప్రతివాడికీ చెప్పాను. గ్యాస్ బండ తెచ్చినవాడికి చెప్పాను. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికి చెప్పాను. అడ్రసు తప్పి మా తలుపు కొట్టినవాణ్ణి కూడా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. మా ఆవిడకు మాత్రం కుదర్లేదు.

మాది పెద్ద ఇల్లేం కాదు. ముందు హాలు, హాల్లోనే భోజనాల బల్ల, పక్కన వంటిల్లు, వెనక రెండు గదులు. ఒకటి కొడుకూ కోడలిది. రెండోది మాది అని పేరే గానీ, నిజానికది బీరువాది. దాని దయవల్ల ఓ మూల మాకు మంచం. నేను మంచం దిగాలంటే ముందు మా ఆవిడ దిగాలి, దిగి గది దాటి అవతలికి వెళ్ళాలి. అప్పుడు గానీ నా కాళ్ళకు నేల దొరకదు. పెళ్ళయిన కొత్తలో దీన్ని ప్రేమ అనుకున్నాం.

మా ఇంట్లో సర్దడం చేతగాని మనిషంటూ లేడు. వచ్చిన చిక్కల్లా అదే. ఎవడికి వాడు సర్దేస్తాడు.

మావాడు సబ్బుల కంపెనీ గోడౌన్లో మేనేజరు. అక్కడ ప్రతి అరకూ ఓ నంబరు ఉంటుందట. లారీ వచ్చిందంటే నంబరు పిలుస్తారు, సరుకు నడుచుకుంటూ వచ్చేస్తుందట. ఓ ఆదివారం పొద్దున్నే స్టిక్కర్ల కట్ట పట్టుకొచ్చి ఇల్లంతా అంటించుకుంటూ పోయాడు. ఉప్పు డబ్బాకి 'వం-రెండు-నాలుగు'. అంటే వంటిల్లు, రెండో అర, నాలుగో చోటు. చీపురుకి నంబరు, చాటకి నంబరు, గుమ్మం దగ్గర విడిచే చెప్పులకు కుడికొకటీ ఎడమకొకటీ. నా నుదుటి మీద కూడా అంటిస్తాడేమోనని ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాను.

"అమ్మా, ఇకమీదట ఉప్పు అనకూడదు. వం-రెండు-నాలుగు అనాలి. అప్పుడు ఎవరైనా కళ్ళు మూసుకుని తెచ్చిచ్చేయొచ్చు."

"కూరలో ఎంత వెయ్యాలో దానిక్కూడా ఓ నంబరు అంటించు నాయనా. కళ్ళు మూసుకుని తిందువుగాని," అంది మా ఆవిడ.

మర్నాడు పొద్దున్న ఆఫీసు వేళకి మావాడి కేకలు మొదలయ్యాయి. "నా సాక్సు ఏవీ? ఒక్కటే ఉంది! రెండోది ఏదీ?"

"నంబరు చెప్పండి, తెచ్చిస్తాను," అంది కోడలు వంటింట్లోంచి.

"నంబరు గుర్తుంటే నేనే తెచ్చుకోనా?"

ఆ మధ్య వాడికి మూతల డబ్బాల పిచ్చి కూడా పట్టింది. ఇల్లు శుభ్రంగా ఉండాలంటే డబ్బాలు కావాలి అంటాడు. తెచ్చిన డబ్బాలు పెట్టడానికి చోటు లేక, వాటిని పెట్టుకోడానికి ఇంకాస్త పెద్ద డబ్బాలు తెచ్చాడు. అన్నిటి మీదా నంబర్లున్నాయి. లోపల మాత్రం గాలి తప్ప ఏమీ లేదు.

మా ఆవిడది వేరే లెక్క. ఏ వస్తువు ఎక్కడుంటే బాగుంటుందని ఆవిడ ఆలోచించదు. ఎవరి కంట పడకూడదు అని మాత్రమే ఆలోచిస్తుంది. బిస్కెట్లు నా కంట పడకూడదు. అందుకని బట్టల్లో వేసే కలరా ఉండల డబ్బాలో పెడుతుంది. ఎక్కడ దాచిందో తనే మర్చిపోతుంది. ఓసారి ఎవరో చూడవస్తే ఎలాగో వెతికి పట్టుకుని పళ్ళెంలో పెట్టింది. పాపం వాళ్ళు ఓ ముక్క కొరికి, "ఇల్లంతా కొత్త దుప్పట్ల వాసన వస్తోందండీ," అన్నారు. మర్యాదస్తులు.

ఇక నా పద్ధతి. ఇంత సులువైనది మీకు ఎక్కడా దొరకదు. కళ్ళెదురుగా ఏది అడ్డం కనపడినా తీసి బీరువాలో పడేసి, భుజంతో తలుపు నొక్కడమే. ఒక్క క్షణంలో గది అద్దంలా ఉంటుంది.

మిగిలింది కోడలు. ఆ పిల్లకి ఏ పద్ధతీ లేదు. ఎందుకంటే చోటు లేదు. మంచి టైలరు. ఒకసారి మనిషిని ఎగాదిగా చూసిందంటే టేపుతో పని లేదు. ఈ మాట నాలాగా కోతలు కోయడం కాదు, వీధి వీధంతా చెబుతుంది. కానీ గుడ్డ పరిచి కత్తెర ఆడించాలంటే భోజనాల బల్ల తప్ప గతి లేదు. పొద్దున్న కాఫీలయ్యాక పరుస్తుంది. ఇంకా చంక వంపు గీయకముందే, "పన్నెండవుతోంది, కంచాలు పెట్టనా?" అని అత్తగారు వస్తుంది. అన్నీ చుట్టబెట్టాలి. తిన్నాక మళ్ళీ పరవాలి. సాయంత్రం మావాడొచ్చి సంచి ఆ బల్ల మీదే పడేస్తాడు. మళ్ళీ చుట్టబెట్టాలి. ఇలా చుట్టీ పరిచీ, పరిచీ చుట్టీ ఓ బ్యాంకు ఆయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. కుడి చెయ్యి ముక్క ఏమయిందయ్యా అంటే, దాంతో మా ఆవిడ అప్పటికే స్టవ్వు తుడిచేసింది.

"అంత మెత్తగా ఉంటే మసిగుడ్డే అనుకున్నానే," అంది మా ఆవిడ, తప్పు గుడ్డదే అయినట్టు.

కోడలు ఏమీ అనలేదు. ఆ పిల్ల ఏమీ అనకపోతేనే నాకు భయం.

అలాంటి రోజుల్లో ఓ మధ్యాహ్నం నాటకాల హాలు నడిపే ఆవిడ మా ఇంటికొచ్చింది. ఆ రోజునుంచీ మేం ఆవిణ్ణి తెరలావిడ అనుకుంటున్నాం. హాలు బాగు చేయిస్తున్నారట. వేదిక మీది పెద్ద తెర, పక్క తెరలు, కిటికీల తెరలు అన్నీ కొత్తవి కావాలి. అంతా వెల్వెట్టే. పని నచ్చితే ఆ తర్వాత నాటకాల బట్టలు కూడా మన దగ్గరే. కోడలి మొహం వెలిగిపోయింది.

"అంతా బాగానే ఉంది గానీ, ఇంత బట్ట ఎక్కడ పరిచి కోస్తావమ్మా?" అంది తెరలావిడ, ఊరగాయ జాడీ ఉన్న భోజనాల బల్లను చూస్తూ.

"మాకు వేరే గది ఉందండీ," అంది కోడలు, కనురెప్ప కదపకుండా. అబద్ధం అంత నీటుగా ఆడగలదని నాకు అంతవరకూ తెలీదు. నా పెంపకం కాకపోయినా గర్వంగానే అనిపించింది.

"అయితే సోమవారం వచ్చి చూస్తాను. ఏమీ అనుకోకు. పోయినసారి ఒకాయన మంచం మీద పరిచి కోశాడు. తెర దించితే ఓ పక్క నేలమీద ఈడ్చుకుపోయేది, ఇంకో పక్క రాజుగారి కాళ్ళు మోకాళ్ళ దాకా కనపడేవి. ఏడుపు సీన్లో కూడా జనం మోకాళ్ళే చూసేవాళ్ళు."

ఆవిడ వెళ్ళాక కోడలు కుర్చీలో కూలబడింది.

"ఈ పని వస్తే జిప్పులు మార్చి, బొత్తాలు కుట్టి బతికే గొడవ తీరుతుంది అత్తయ్యా. రాకపోతే ఇక నావల్ల కాదు. రెడీమేడు ఫ్యాక్టరీలో రమ్మంటూనే ఉన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలర్లు కుట్టాలి. ఒక్క కాలర్లే. ఈ మిషను అమ్మేసి వెళ్ళిపోతాను."

 అందరి చూపులూ మెల్లగా ఒకే వైపు తిరిగాయి. మా గది వైపు. గదిలోని బీరువా వైపు.

ఆ సాయంత్రమే మావాడు టేపు పట్టుకుని రంగంలోకి దిగాడు. "బీరువా తీసేస్తే గది ఖాళీ అవుతుంది. నాన్నా, నువ్వూ అమ్మా హాల్లో పడుకోండి. బీరువా బయట వరండాలో పెట్టేద్దాం."

"భేషుగ్గా తీసేయండి నాయనా. నాకేం అభ్యంతరం?" అన్నాను. నా అంత పెద్దమనసు ఎవరికుంటుంది చెప్పండి? పైగా అది బయటికి రాదని నాకొక్కడికే తెలుసు.

మావాడు బీరువా వెడల్పు కొలిచాడు. గుమ్మం కొలిచాడు. మళ్ళీ బీరువా కొలిచాడు. టేపు తప్పు చెబుతోందేమోనని ఓసారి తన చేతినే కొలుచుకున్నాడు. పక్కకి తిప్పితే రాదు, వాల్చి తిప్పడానికి గోడ అడ్డం.

"నాన్నా, ఇది గుమ్మంలోంచి రాదు. కిటికీలోంచి అసలే రాదు. మరి లోపలికి ఎలా వచ్చింది?"

నేను గొంతు సవరించుకునేలోపే మా ఆవిడ అందుకుంది. "రాలేదురా. ఇక్కడే పుట్టింది. నేనడిగింది రెండు డబ్బాలు పెట్టుకునే చిన్న అర. మీ నాన్న మొదలుపెట్టాడు గానీ ఆపడం చేతకాలేదు. చెక్క అయిపోబట్టి ఆగింది."

"పోనీలే, దాందేముంది!" మావాడి కళ్ళు మెరిశాయి. "నాన్నా, ఒక్క మేకు కూడా లేదుగా ఇందులో? అన్నీ చీలలేగా? చీలలు పీకేస్తే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. బయట మళ్ళీ బిగించుకోవచ్చు. ఎంత తెలివైన పని నాన్నా నీది!"

నా జీవితంలో పొగడ్త విని నాలుక పిడచకట్టుకుపోవడం అదే మొదలు.

"చీలలు ఉబ్బి ఉన్నాయిరా," అన్నాను. "బాగా ఎండ కాయాలి. అప్పుడు గానీ రావు."

"ఎండ కాస్తూనే ఉందిగా నాన్నా."

"ఈ ఎండ కాదురా."

మర్నాడు అడిగితే చీలలు ఊడదీసే పనిముట్టు ఎవరికో అరువిచ్చానన్నాను. ఆ తర్వాత రోజు నడుం పట్టేసిందన్నాను. ఇదివరకు ఎప్పుడు అబద్ధం చెప్పినా మా ఆవిడ వెంటనే గాలి తీసేసేది. ఈసారి నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది. అదే నాకు ఎక్కువ కంగారుగా ఉంది.

శుక్రవారం కోడలు నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది. "మామయ్యా, బీరువా తియ్యడం మీకిష్టం లేకపోతే ఇష్టం లేదని నాతో చెప్పండి. నేను ఫ్యాక్టరీకి వెళ్తాను, ఎవరినీ తప్పు పట్టను. అంతేగానీ ఎండ మీదా, నడుం మీదా పెట్టకండి."

కత్తెరతో కోసినా అంత సూటిగా తెగదు. చీలల సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "రేపు చూద్దాం లేమ్మా." పాడు నోరు, దానికి అలవాటైన దారే అది.

శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల ఆశ చావక మా గదిలో నేల కొలుస్తోంది. చంకలోని గుండుసూదుల డబ్బా జారి నేలమీద భళ్ళున పడింది. సూదులు నలుమూలలా చెల్లాచెదురైపోయాయి. టైలర్ల దగ్గర సూదులు ఏరుకోడానికి ఓ అయస్కాంతం ఉంటుంది. కోడలు దాన్ని తాడుకి కట్టుకుని నేలమీద ఈడుస్తుంది. అలా ఈడుస్తూ బీరువా పక్కకి వచ్చేసరికి అయస్కాంతం ఎగిరి 'టక్' మని బీరువా చెక్కకి అతుక్కుపోయింది.

కోడలు దాన్ని పీకింది. వదిలింది. 'టక్'.

"మామయ్యా, చెక్కకి అయస్కాంతం అంటుకుంటుందా?"

"మంచి చెక్కయితే అంటుకుంటుందమ్మా," అన్నాను. "ఆ చెట్టు ఇనుప గని పక్కన పెరిగింది. వేళ్ళతో ఏం తాగిందో ఎవరు చూడొచ్చారు."

కోడలు అయస్కాంతాన్ని పైకి జరిపింది. టక్. ఇంకాస్త పక్కకి. టక్. మూల దగ్గర టక్, తలుపు అంచున టక్, అర కింద టకటకటక్. ఆ చప్పుడుకి మావాడు పరిగెత్తుకొచ్చి, "ఏదీ, ఇలా ఇవ్వు," అని తీసుకుని వాడూ మొదలెట్టాడు. గోడౌన్ మేనేజరన్న మాట మర్చిపోయి చిన్నపిల్లాడిలా అటూ ఇటూ దూకుతున్నాడు. మా ఆవిడ నవ్వి నవ్వి మంచం మీద కూర్చుండిపోయింది.

"ఎందుకర్రా అంత కష్టం?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మేకు లేని చోటు ఎక్కడైనా ఉందేమో వెతకండి. అది దొరికితే చాలు."

ఇక దాచేదేముంది? నాకూ నవ్వొచ్చింది. "కొట్టానర్రా! మొదట ఒక్కటే కొడదామనుకున్నాను. అది వంకరపోయింది. దానికి సాయంగా ఇంకోటి కొట్టాను. ఆ రెండిటి మూలంగా చెక్క చీలింది, చీలినచోట మరి నాలుగు కొట్టాను. అలా కొట్టుకుంటూ పోయాను. మేకుల తలలు కనపడకుండా రంపం పొట్టులో జిగురు కలిపి పూసి, పైన రంగేశాను. చుట్టుపక్కల వడ్రంగులు వరస కట్టి వచ్చారన్నానే, ఒక్కడూ రాలేదు. ఎక్కడ వస్తారోనని కిటికీ మూసుకుని పనిచేశాను."

"టీ కొట్టు పెట్టుకున్నాయన?" అన్నాడు మావాడు.

"ఆయన మొదట్నుంచీ టీ కొట్టాయనేరా."

నవ్వులు సద్దుమణిగాక అసలు చిక్కు గుర్తొచ్చింది. విడదీయడానికి లేదు, బయటికి లాగడానికి లేదు. రంపం పెడదామన్నాడు మావాడు. ఆ మేకుల మీద రంపం పెడితే రంపానికి పళ్ళుండవు. మర్నాడు ఆదివారం, ఆ మర్నాడు తెరలావిడ.

కోడలు కొంగు బిగించింది. "ముందు ఖాళీ చేద్దాం పట్టండి," అని రెండు తలుపులూ ఒక్కసారి లాగింది.

కొండచరియ విరిగిపడడం నేను కళ్ళారా చూడలేదు, విన్నాను. ఇక చూడక్కర్లేదు. చువ్వలు విరిగిన గొడుగులు, తాళాలు లేని తాళంకప్పలు, కప్పలు లేని తాళాలు, కుళాయి పిడి, ఓ కొట్టు పెట్టుకోవచ్చు అన్నన్ని మా ఆవిడ కళ్ళజోళ్ళు, మావాడి ఒంటి సాక్సులు, వాడు పోయిందని వీధంతా వెతికిన స్టిక్కర్ల కట్ట, కోడలి పెద్ద కత్తెర. ఆ కత్తెర పోయిందని ఆ పిల్ల ఏడ్చి, ఇంకోటి కొనుక్కుంది. అన్నిటికంటే అడుగున పక్కింటాయన డ్రిల్లింగు మిషను. అది తన బావమరిదే కొట్టేశాడని ఆయన వాళ్ళింటికి రాకపోకలు మానేశాడు.

బీరువాలో పెట్టిన వస్తువు పోలేదన్నాను కదూ? నిజమే మరి. ఇంట్లో పోయినవన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

కోడలు కత్తెర చేతిలోకి తీసుకుని నావైపు చూసింది. "ఇది అడ్డంగా ఉంటే తీశానమ్మా," అన్నాను. "ఎక్కడ అడ్డంగా ఉంది మామయ్యా?" అంది. "నీ చేతి పక్కన," అన్నాను. ఇంకేమనను?

మావాడు అప్పటికే వాటికి అంటించడానికి స్టిక్కర్లు ఊడదీస్తున్నాడు. కోడలు కట్ట లాక్కుంది. "ఇవి తర్వాత, ముందు గుమ్మం బయటికి నడవండి. ఇప్పుడే ఆఫీసునుంచి వచ్చారనుకోండి. లోపలికి రండి. తాళాలు పెట్టండి."

వాడు సిగ్గుపడుతూ లోపలికొచ్చాడు. వాడి చెయ్యి దానంతటదే వెళ్ళి తాళాలు ఫ్రిజ్జు మీద పెట్టింది. తాళాలకు వాడిచ్చిన చోటు తలుపు వెనక కొక్కెం, 'గు-ఒకటి-మూడు'. పెట్టిన నాటినుంచీ ఆ కొక్కేనికి ఒక్క తాళం కూడా తగిలింది లేదు.

"అయితే తాళాల ఇల్లు ఫ్రిజ్జు మీదే. అక్కడో గిన్నె పెడదాం," అంది కోడలు. "వస్తువు ఎక్కడుండాలో మనం నిర్ణయించొద్దు. వెతికే చెయ్యి ముందు ఎక్కడికి వెళ్తుందో అక్కడే పెడదాం. చెయ్యి చెప్పినట్టు విందాం."

అత్తగారిని వంట మొదలుపెడుతున్నట్టు నటించమంది. "ఇప్పుడు సన్నగింజ బియ్యం ఏరాలి అత్తయ్యా, కళ్ళజోడు కావాలి." మా ఆవిడ చెయ్యి వంటింటి కిటికీ గట్టు మీదకి వెళ్ళింది. కళ్ళజోడు చోటు అక్కడ ఖాయమైంది. బిస్కెట్ల సంగతి అడిగితే మాత్రం, "ఆయన అవతలికి వెళ్తే చూపిస్తా," అంది.

"మామయ్యా, మీ వంతు. గోళ్ళు తీసుకోవాలి, కట్టరు తెండి." నేను తిన్నగా బీరువా దగ్గరికి నడిచాను. "టార్చిలైటు?" బీరువా. "దువ్వెన?" బీరువా. బట్టతలకి దువ్వెనెందుకని ఎవరూ అడగలేదు, అదొక దయ.

"మామయ్య చేతికి ఒక్కటే దారి తెలుసు," అంది కోడలు. మావాడి ఖాళీ డబ్బాల్లో అన్నిటికంటే పెద్దది ఎంచి నా ముందు పెట్టింది. "అడ్డం వచ్చిందల్లా ఇందులో పడేయండి మామయ్యా, మీ ఇష్టం. ప్రతి ఆదివారం నేను బోర్లించి ఎవరివి వాళ్ళకిస్తాను." ఇన్నాళ్ళకి ఓ డబ్బాకి బతుకుతెరువు దొరికిందని మావాడు మురిసిపోయాడు.

ఖాళీ బీరువా గుహలా నోరు తెరుచుకుని నిలబడింది. కోడలు దాని చుట్టూ తిరిగి, పక్కన నిలబడి, తల వాల్చి చూసింది.

"అత్తయ్యా, ఇది పడుకుంటే ఎంత పొడుగుంటుంది?"

"మీ మామయ్యకంటే పొడుగు. గురక మాత్రం ఉండదు."

అంతే. ఆ పిల్ల మనసులో ఏముందో అప్పుడర్థమైంది. ముందు మంచం హాల్లోకి పోయింది. మావాడు గోడౌన్లో మూల పడేసిన చెక్క పలకలు, సరుకు కింద వేసేవి, అడిగి బండి మీద తెచ్చి మోకాలెత్తు పేర్చాడు. పక్కింటాయనకు డ్రిల్లింగు మిషను తిరిగిచ్చి, బావమరిదిని క్షమించమని చెప్పి, సాయం పట్టమన్నాను. "బావమరిదిని నేను క్షమించడమేంటండీ? మిమ్మల్ని క్షమించాలి గానీ," అంటూనే వచ్చాడు. పట్టాడు. పట్టి, ఆ బరువుకి, "ఇందులో ఏం పోశారండీ, ఇనుమా?" అన్నాడు. మా ఆవిడ మళ్ళీ నవ్వడం మొదలెట్టింది.

బీరువా వెల్లకిలా పడుకుంది. రెండు తలుపులూ ఇప్పుడు ఆకాశం చూస్తున్నాయి. తలుపెత్తితే లోపల వెల్వెట్ తానులకూ, దారాలకూ, అస్తరు గుడ్డలకూ చోటు. మూస్తే కత్తెర ఆడించుకునేంత బల్ల. ఆదివారమంతా కోడలు అయస్కాంతం పట్టుకుని ముందు నడిచింది, నేను సుత్తి పట్టుకుని వెనక నడిచాను. ఎక్కడ టక్ మంటే అక్కడ తడిమి, పొడుచుకొచ్చిన మొనలన్నీ వంచి కొట్టాను. నేను కొట్టిన ప్రతి మేకునీ మళ్ళీ కొట్టించుకుంది, వడ్డీతో సహా. ఒక్కో తలుపుకీ విడిగా పాత కంబళి చుట్టి, పైన నూలు గుడ్డ బిగించింది.

సోమవారం తెరలావిడ వచ్చింది. బల్లకేసి చూసింది. అరచేతులు ఆనించి తన బరువంతా వేసి నెట్టింది. బల్ల ఉలకలేదు.

"బాగుందమ్మా. బరువు బట్ట లాగినా కదిలేట్టు లేదు. ఏమిటి దీని రహస్యం?"

కోడలు నోరు తెరిచేలోపే నాది తెరుచుకుంది. అలవాటైన నోరు కదా. ఈసారి మాత్రం నిజం చెబుదామనిపించింది. "ఎలా కదులుతుందమ్మా? నిండా మేకులే!"

తెరలావిడ చేతులు నిప్పు మీంచి తీసినట్టు తీసేసింది. "మేకులా? వెల్వెట్ కింద మేకులా? ఒక్క మొన తగిలిందంటే తాను తానంతా పోతుందమ్మా! పోన్లే, నేను ఇంకెక్కడైనా..." అని సంచి సర్దుకుంది.

నలభై ఏళ్ళ నా సంసారంలో మా ఆవిడ నాకేసి చూసిన చూపులన్నీ ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు. మావాడు తల పట్టుకున్నాడు. నోరు తెరిస్తే అబద్ధాలని పేరున్నవాడు, పని చేతికొచ్చే వేళ నిజం చెప్పి చెడగొట్టాడు చూడండి.

కోడలు మాత్రం తొణకలేదు. "మీ మెడలో స్కార్ఫు ఒకసారి ఇస్తారా అండీ?" అంది.

"ఇది అసలు పట్టు!"

"అందుకేనండీ."

ఆవిడ అనుమానంగానే తీసిచ్చింది. కోడలు దాన్ని బల్ల మీద ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఈడ్చింది. అంచుల మీద ఈడ్చింది. తలుపెత్తి లోపల అడుగున, మూలల్లో, బందుల పక్కన ఈడ్చింది.  వంచి కొట్టిన మేకుల్లో ఒక్కటి తల ఎత్తిందా, ఆ పిల్ల కాలర్ల ఫ్యాక్టరీకి పోవాలి. కోడలు స్కార్ఫు తీసి కిటికీ వెలుగులో పట్టి ఆవిడ చేతికిచ్చింది. తెరలావిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. పోగు లేవలేదు.

"బట్ట రేపు దింపిస్తాను," అంది స్కార్ఫు మెడకు చుట్టుకుంటూ. "పెద్ద తెర ముందు."

కోడలు ఆవిణ్ణి వీధి దాకా సాగనంపి తిరిగొచ్చేసరికి, ఆ కాస్త వ్యవధిలో బల్ల మీదికి ఏమేం చేరాయో చెప్పనా? మావాడి సంచి, వాడి పేపరు, మా ఆవిడ తరుగుదామని తెచ్చిన ఉల్లిపాయలు, నా మందుబిళ్ళలు. ఎవరం కావాలని పెట్టలేదు. చదునుగా, ఖాళీగా ఓ చోటు కనపడింది, మా చేతులు వెళ్ళిపోయాయి. చెయ్యి చెప్పినట్టు వినమంది తనేగా!

కోడలు గుమ్మంలో నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఇది బల్ల కాదు, నా కొట్టు. నేను కత్తెర పట్టేటప్పుడు దీని మీద ఏముంటే అది తెగుతుంది. నంబరున్నా తెగుతుంది."

మావాడు నవ్వాడు. మర్నాడు బట్ట తాను దిగింది. కోడలు బల్ల మీద వెల్వెట్ పరిచి, సుద్దతో గీత గీసి, పెద్ద కత్తెర నడిపింది. సగం దాకా వెళ్ళేసరికి 'కర్రు' మని ఇంకో రకం చప్పుడు. గుడ్డ ఎత్తి చూస్తే కింద మావాడి ఆఫీసు టై, అడ్డంగా రెండు ముక్కలు. వాడు ఆ సగం టైతోనే గోడౌన్‌కి వెళ్తే, పై ఆఫీసరు అదేదో కొత్త ఫ్యాషననుకుని తనూ ఒకటి కొనుక్కున్నాడు. ఆ రోజునుంచీ ఆ బల్ల మీద ఈగ వాలాలన్నా అడిగి వాలుతోంది. పెద్ద తెర పైకి లేచిన నాడు మేం ముందు వరసలో కూర్చున్నాం. అంచు నేలకి సరిగ్గా ఆనింది, ఎవరి మోకాళ్ళూ కనపడలేదు. కోడలు నాటకం చూడనే లేదు, తెరే చూసింది.

ఇదంతా నిజమే గానీ, ఒక్క ముక్క నేను కల్పించాను. ఆ టై. మావాడు జన్మలో టై కట్టి ఎరగడు, పై ఆఫీసరు ఎవరో నాకు తెలీదు. తెగింది నా తువాలు. కొత్తది. పైగా కత్తెర పట్టేముందు కోడలు ఒకటికి రెండుసార్లు అడిగింది, "బల్ల మీద ఎవరిదైనా ఏమైనా ఉందా?" అని. నాదేమీ లేదమ్మా, కానివ్వు అని హాల్లోంచి కేకేసింది కూడా నేనే.